బల్ల ఆదివారం బయట నిలబడ్డ ఇద్దరు

మాకు నెలలో మొదటి ఆదివారం బల్ల ఆదివారం. ఆ రోజు నారాయణఖేడ్ గుళ్ళో అయ్యగారు రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. మిషన్ కాలంలో రాళ్ళతో కట్టిన చర్చి అది, మేము గుడి అనే అంటాం. మిగతా ఆదివారాలు ఎవరి ఊళ్ళో వాళ్ళు ప్రార్థన చేసుకున్నా, బల్లకి మాత్రం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా ఆటోలు మాట్లాడుకుని ఖేడ్ రావాల్సిందే. మాలో ఒక పద్ధతి ఉంది. మనసులో తగాదా పెట్టుకున్నవాళ్ళు బల్ల దగ్గరికి రాకూడదు. అందుకని అయ్యగారు బల్ల మీది తెల్లగుడ్డ తీసే ముందు ఒక పాట పాడిస్తారు. ఆ పాట అయ్యేలోపు వెళ్ళాల్సినవాళ్ళు లేచి బయటికి వెళ్ళిపోవచ్చు. వాళ్ళని ఎవరూ ఏమీ అనరు. చూడటం మాత్రం అందరూ చూస్తారు.

ఆ పాట మొదలవగానే మా నాయిన పెద్ద దర్వాజ నుంచి బయటికి వెళ్ళేవాడు. ఆయన తమ్ముడు, అంటే మా చిన్నాయిన, పక్క దర్వాజ నుంచి వెళ్ళేవాడు. నాయిన సైకిళ్ళు పెట్టేచోట నిలబడేవాడు, చిన్నాయిన నల్లా దగ్గర. లోపల మేము మోకాళ్ళ మీద ఉంటే, బయట వాళ్ళిద్దరూ చెరో దిక్కు చూస్తూ ఆశీర్వాదం అయ్యేదాకా ఉండి, చివరి పాటకి మళ్ళీ లోపలికి వచ్చేవారు. నెల తర్వాత నెల, ఏడాది తర్వాత ఏడాది ఇదే తంతు. గుళ్ళో చిన్నపిల్లలు ఇది కూడా ఆరాధనలో ఒక భాగమే అనుకునేవారేమో అని నాకు అనుమానం.

నాకిప్పటికీ ఒళ్ళు మండే సంగతేమిటంటే, వాళ్ళిద్దరినీ బయట నిలబెట్టింది దేవుడి మీద భక్తి లేకపోవడం కాదు. భక్తి మరీ ఎక్కువ కావడం.

మా నాయిన సేద్యం చేసే మనిషి. ఏడో తరగతితో బడి మానేశాడు. కానీ మా ఊళ్ళో వాక్యానికి అర్థం చెప్పాలంటే ఆయనే చెప్పాలి. శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంటి ముందు చాప పరిచేవాళ్ళం. చదవడం చిన్నాయిన పని. ఆయన గొంతు బాగుండేది. తమ్ముడికి అక్షరాలు నేర్పింది, గ్రంథం చేతికిచ్చింది కూడా నాయినే. చిన్నాయిన నాలుగు మాటలు చదివి ఆగేవాడు. నాయిన కళ్ళు మూసుకుని కాసేపు ఊరుకుని, కళ్ళు తెరిచి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళని అడిగేవాడు.

"ఇందుల నువ్వెవరు?"

అదీ ఆయన పద్ధతి. తప్పిపోయిన గొర్రె కథ చదివితే, "ఇందుల నువ్వెవరు? తప్పిపోయినదానివా, మందల ఉన్నదానివా?" అని అడిగేవాడు. ఎవరైనా వెంటనే "కాపరిని" అంటే నవ్వి, "అబ్బో, అప్పుడే కాపరివైనవా? జర కిందికి దిగు" అనేవాడు. కథలో మంచి వేషం ఎవరికీ అంత తొందరగా ఇచ్చేవాడు కాదు. నేను అప్పటికే టీచరు ట్రైనింగ్ చేసి కొత్తగా ఉద్యోగంలో చేరాను. పిల్లలకి పాఠం ఎలా చెప్పాలో మాకు ట్రైనింగ్‌లో ఏవేవో చెప్పారు గానీ, అంత చక్కటి ప్రశ్న ఒక్కటీ చెప్పలేదు. నాయినను చూసి గర్వపడేదాన్ని. ఆ గర్వం ఇప్పటికీ ఉంది, దాని పక్కనే ఈ బాధ కూడా.

రెండువేల ఒకటో, రెండో సంవత్సరం. మా ఊళ్ళో ఒకామె మేక ఇంకొకామె చెలకలో పడి కందిచేను మేసింది. ఇద్దరికీ మాటల్లేవు. ఆ శుక్రవారం చిన్నాయిన చదివింది సరిగ్గా ఆ భాగమే. గుళ్ళో కానుక పెట్టబోతూ, తోటి మనిషికి నీ మీద ఏదో మనస్తాపం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్ళి వాళ్ళతో కలువు, ఆ తర్వాత వచ్చి కానుక ఇవ్వు అనే సంగతి అందులో ఉంది. మేక ఆమె, చేను ఆమె ఇద్దరూ చాప మీదే చెరో మూల కూర్చుని ఉన్నారు. ఎవరు పోవాలి అని ఒకరు అడిగారు.

నాయిన తడుముకోలేదు. "తప్పు ఎవరిదో వాళ్ళు పోవాలె. దెబ్బ తిన్నోళ్ళు పోవుడేంది? దెబ్బ తిన్నోళ్ళే ముందుగాల పోతే, కొట్టినోనికి బుద్ధెప్పుడొస్తది? దెబ్బ తిన్నోళ్ళు తయారుగ ఉండాలె, అంతే. వస్తే కాదనొద్దు" అన్నాడు.

చిన్నాయిన గ్రంథం ఒళ్ళో పెట్టుకుని, "అన్న చెప్పిందే సై" అన్నాడు.

మేక ఆమె మర్నాడే వెళ్ళి చేను ఆమె చేయి పట్టుకుంది. వ్యవహారం ముగిసింది. నాయిన చెప్పిన అర్థం ఊరంతా మెచ్చుకుంది. ఆ అర్థం అప్పుడు పనికిరాకుండా పోయి ఉంటే ఎంత బాగుండేదో అని నేను తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఆ తర్వాత ఒకటి రెండేళ్ళకి వేపచెట్టు గొడవ వచ్చింది. నాయిన చెలకకీ చిన్నాయిన చెలకకీ మధ్య గట్టు మీద ఒక పెద్ద వేపచెట్టు ఉండేది. మా నాయనమ్మ పోయేముందు కొడుకులిద్దరినీ పిలిచి, ఏది ఎవరిదో చెప్పి, చివర్లో "గా యాపచెట్టు మీ ఇద్దరిది" అంది. అంతకు మించి ఒక్క మాట కూడా వివరం చెప్పలేదు. ఆమెకేం తెలుసు, తన కొడుకులిద్దరూ ఎలాంటి అర్థాలు తీసే మనుషులో. కాదు, తెలిసే ఉంటుంది. ఓపిక ఉండి ఉండదు.

ఒక వానాకాలం చిన్నాయిన ఇంటి గోడ కూలింది. మళ్ళీ కట్టుకునేటప్పుడు దర్వాజకి కలప కావలసి వచ్చింది. నాయిన ఆ వారం ఊళ్ళో లేడు, నాగల్‌గిద్ద దగ్గర చుట్టాలింటికి పెళ్ళికి వెళ్ళాడు. చిన్నాయిన చెట్టు కొట్టించాడు. నాయిన తిరిగొచ్చి గట్టు మీద మొద్దు చూశాడు.

నాయిన లెక్కలో, ఇద్దరిది అంటే ఒకరిని అడగకుండా ఒకరు ముట్టుకోకూడదు. చిన్నాయిన లెక్కలో, ఇద్దరిది అంటే తనది కూడా. అవసరం తనకొచ్చింది, తీసుకున్నాడు. రేపు అన్నకి అవసరమైతే ఇంకేదైనా తీసుకుంటాడు, అంతే. ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది. పెరట్లో కూర్చుని మాట్లాడుకుంటే పూటలో తేలిపోయే విషయం. కానీ నాయినకి కోపం వస్తే ముందూ వెనకా చూడడు. ఆ శుక్రవారం ప్రార్థనలో, చాప మీద ఇరవై మంది ఉండగా, చిన్నాయిన చదవడానికి గ్రంథం తెరవగానే, "దొంగ చేతుల వాక్యం వద్దు, ఇంకెవరన్న సదువుండ్రి" అన్నాడు.

చిన్నాయిన గ్రంథం మూసి, కళ్ళకద్దుకుని, చాప మీద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. మా చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన వెనకే వెళ్ళింది.

చెట్టు దెబ్బ నాయినకి తగిలింది. మాట దెబ్బ చిన్నాయినకి తగిలింది. ఎవరి దెబ్బ వాళ్ళకే కనిపించింది. ఇద్దరూ దెబ్బ తిన్నవాళ్ళే కాబట్టి, ఆ అర్థం ప్రకారం ఇద్దరూ పోనక్కరలేదు. తయారుగా ఉంటే చాలు. అలా తయారుగా ఉండి ఉండి ఇద్దరికీ తలలు నెరిశాయి.

కొన్నాళ్ళకి నేను, నా భర్త ఖేడ్‌లో బస్ డిపోకి వెళ్ళే రోడ్డు మీద ఇల్లు తీసుకున్నాం. అమ్మ అప్పటికే లేదు. నాయిన కూడా మాతోనే వచ్చి ఉన్నాడు. పొద్దున ఆటో ఎక్కి చేను చూసుకుని, సాయంత్రానికి వచ్చేసేవాడు. నేను ఆయనతో గొడవపడని నెల లేదు. బల్ల ఆదివారం ఇంటికొచ్చి అన్నం పెడుతూ మొదలుపెట్టేదాన్ని.

"నాయినా, ఆ వాక్యంల తప్పు ఎవరిది అన్న ముచ్చటే లేదు గదా. గుర్తొస్తే పో అన్నది, అంతే గదా."

"సదువుడు వేరు బిడ్డా, అర్థం చెప్పుడు వేరు."

"నీ మీద చిన్నాయినకు కోపం ఉన్నదా లేదా?"

"వానికెందుకుంటది? చెట్టు కొట్టింది వాడు."

"నువ్వు దొంగ అన్నవ్ గదా!"

"అన్న. చెట్టు కొట్టినందుకే అన్న. జర చారు పొయ్యి."

అక్కడితో ఆగిపోయేది. నేను గిన్నె ఠప్పున పెట్టి లోపలికి వెళ్ళేదాన్ని. ఊరందరినీ "ఇందుల నువ్వెవరు" అని నిలదీసి, ఎవరికీ మంచి వేషం ఇవ్వని మనిషి, తన దగ్గరికొచ్చేసరికి మంచి వేషం తానే కట్టుకుని కూర్చున్నాడు. ఇంకెవరైనా అయితే జాలి పడేదాన్ని. ఆయనంటే ప్రాణం కాబట్టి కోపమొచ్చేది.

బజారులో ఇనుప సామాను కొట్టు నడిపే ఒకాయన నాయినకి మంచి స్నేహితుడు. వాళ్ళింట్లో ఉర్దూ మాట్లాడుకున్నా, నాయినతో మా తెలుగులోనే వేళాకోళమాడేవాడు. నేను ఒకరోజు తాళం కొనడానికి వెళ్తే ఇద్దరూ కూర్చుని చాయ్ తాగుతున్నారు. తమ్ముడి మాట వచ్చింది.

"మా దగ్గర గింత పరేషాన్ లేదు భాయ్," అన్నాడాయన. "ఇద్దరు అలిగిన్రనుకో, ముందుగాల సలాం చెప్పినోడే మంచోడు. తప్పెవనిదని అడగరు. జల్దీ ఎవరు చెప్తే వాని ఖాతాల పడ్తది."

"మీ కితాబు మీది, మా కితాబు మాది," అన్నాడు నాయిన.

"గదే గదా చెప్తున్న. మీ కితాబుల గూడ గట్లనే ఉన్నది కావొచ్చు, ఒక్కసారి మంచిగ చూడు."

నాయిన నవ్వాడు గానీ ఆ తర్వాత చాయ్ పూర్తిగా తాగలేదు. ఆ రోజు ఇంటికొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ భాగం తీసి చాలాసేపు చూశాడు. నాకు ఆశ కలిగింది. తర్వాత గ్రంథం మూసి, కందులకి పురుగు పట్టిందని మాట్లాడటం మొదలుపెట్టాడు. పట్టు సడలినట్టే సడలి మళ్ళీ బిగుసుకుంది.



ఒక ఎండాకాలం పొద్దున మా ఇంటి ముందు జీపు ఆగింది. చిన్నమ్మ దిగి గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. చిన్నాయినకి ముందు రోజు నుంచి ఛాతీలో నొప్పి. ఖేడ్ దవాఖానలో చూసి, బీదర్ తీసుకుపొమ్మన్నారట. దారిలో కాబట్టి నీళ్ళకీ, కప్పడానికీ ఏదైనా తీసుకోవడానికి ఆగారు. చిన్నాయిన జీపు వెనక సీట్లో పడుకుని ఉన్నాడు. చెమటలు పడుతున్నా చలి అంటున్నాడట.

నేను నీళ్ళ సీసా తీసుకుని పరుగెత్తాను. నాయిన తన మంచం మీది గొంగడి తీసుకుని నా వెనకే వచ్చాడు. గేటు దాకా వచ్చాడు. గేటు నుంచి జీపుకి మహా అయితే మంచమంత దూరం. అక్కడ ఆగిపోయాడు. గొంగడి చిన్నమ్మ చేతికిచ్చి, జీపులోకి వినపడేంత గట్టిగా, "ఎట్లున్నడే?" అని అడిగాడు.

"నువ్వే చూడు బావా," అంది చిన్నమ్మ.

నాయిన గేటు పట్టుకుని నిలబడ్డాడు. జీపు లోపల చిన్నాయిన తల ఇటు తిప్పాడు. నేను ఇద్దరినీ చూశాను. డ్రైవర్ హారన్ కొట్టాడు. చిన్నమ్మ ఎక్కింది. జీపు బీదర్ రోడ్డు పట్టింది.

"వాపసొచ్చినంక మాట్లాడ్త," అన్నాడు నాయిన, నాతో కాదు, రోడ్డుతో.

చిన్నాయిన వాపసు రాలేదు. మర్నాడు శవాన్ని తెచ్చారు, అదే గొంగడి కప్పి.

సమాధి దగ్గర నాయిన ఏడవలేదు. మట్టి వేయమంటే వేశాడు. ఇనుప కొట్టాయన వచ్చి నాయిన పక్కన నిలబడి, ఆయన చేయి తన చేతిలో పెట్టుకుని, చివరిదాకా ఉన్నాడు. శుక్రవారం ప్రార్థనకి రమ్మని ఊరివాళ్ళు నాయినని పిలిచారు. వెళ్ళలేదు. అర్థం చెప్పడం అక్కడితో మానేశాడు.

ఆ తర్వాతి బల్ల ఆదివారం పాట మొదలవగానే నాయిన లేచి బయటికి వెళ్ళాడు. ఇప్పుడు ఒక్కడే. సైకిళ్ళ దగ్గర నిలబడి నల్లా వైపు చూస్తున్నాడు. ఇన్నేళ్ళూ అటు చూడకుండా ఉన్న మనిషి ఇప్పుడు అటే చూస్తున్నాడు. ఆరాధన అయ్యాక అయ్యగారు ఆయన దగ్గరికొచ్చి, "ఇంకెవరితోని తగాదా నీకు? వచ్చే నెల లోపలికి రా" అన్నారు.

"ఎట్లొస్త అయ్యగారూ? దేవుడు పోయి కలిసి రమ్మన్నడు. ఇప్పుడు యాడికి పోవాలె?"

అలా ఇంకో రెండేళ్ళు గడిచాయి. నాయిన నడక నెమ్మదించింది. బయట నిలబడలేక సైకిళ్ళ పక్క రాతి మీద కూర్చునేవాడు. నేను లోపల రొట్టె తీసుకుని, లేస్తూ పెద్ద దర్వాజ వైపు చూసేదాన్ని.

తెలంగాణ వచ్చిన ఏడు, వానలు మొదలైన రోజుల్లో, ఒక బల్ల ఆదివారం పాట వస్తుండగా నాయిన వెనకే చిన్నమ్మ కూడా లేచింది. గుళ్ళో అందరి తలలూ తిరిగాయి. ఆమె భర్త ఇన్నేళ్ళు బయట నిలబడినా ఆమె ఎప్పుడూ బల్ల మానలేదు. నాకు భయమేసి నేనూ బయటికి నడిచాను.

నాయిన రాతి మీద నుంచి లేవబోయాడు. చిన్నమ్మ ఆయన ముందు నిలబడింది.

"బావా, నీ మీద నాకు కోపం ఉన్నది."

నాయిన మళ్ళీ రాతి మీద కూర్చుండిపోయాడు.

"నా మొగున్ని పదిమందిల దొంగ అన్నవ్. గేటు కాడిదాంక వచ్చి ఆగినవ్. నాకు మస్తు కోపం ఉన్నది. ఇన్నొద్దులు నీకు చెప్పలే. ఇప్పుడు చెప్తున్న. నీకు ఎరుకైంది గదా? మరి ఇందుల నువ్వెవరు?"

ఆ ప్రశ్న నాయినని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. నేను కూడా, అన్ని గొడవలు పడి, ఆ మాటలతో అడగలేదు. నాయిన ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా అయిపోయింది. చెప్పులు వేసుకుని, "పా" అన్నాడు.

ముగ్గురం ఆటోలో ఊరికి వెళ్ళాం. చిన్నాయిన ఇంటి ముందు నాయిన ఆగిపోయాడు. ఆ ఇల్లు మళ్ళీ కట్టాక ఆయన ఒక్కసారి కూడా అక్కడికి రాలేదు; తమ్ముడు పోయినప్పుడు కూడా నేరుగా సమాధి దగ్గరికే వెళ్ళాడు. దర్వాజ ఆ వేపచెట్టుదే. నూనె పెట్టి తుడిచి తుడిచి నల్లగా నిగనిగలాడుతోంది. నాయిన దానిమీద చేయి వేసి, తల వంచి లోపలికి అడుగుపెట్టాడు.

చిన్నమ్మ సందూకులోంచి గొంగడి తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. "బీదర్ తొవ్వల దీన్ని పట్టుకొని ఏమన్నడో ఎరుకనా? 'అన్న గేటు దాంక వచ్చిండు చూసినవా? సగం వచ్చినట్టే. వాపసొచ్చినంక మిగతా సగం నేను పోత' అన్నడు."

నాయిన గొంగడిలో ముఖం పెట్టుకున్నాడు.

"మరి గన్నేండ్లు ఎందుకు రాలేదే వాడు?" అన్నాడు తలెత్తి. "తమ్ముడు గదా. వస్తే నేను కాదంటనా?"

"నేను అడగలేదనుకుంటున్నవా? ఎన్నిసార్లు అడిగితినో. 'దెబ్బ తిన్నోడు పోవద్దు, తయారుగ ఉండాలె. మా అన్ననే అర్థం చెప్పిండు' అనెటోడు. నువ్వు చెప్పిన అర్థమే బావా. ఆయన ఇడిసిపెట్టలే."

నాకు ఎవరి మీదా కోపం రాలేదు, మొదటిసారి. ఒక తమ్ముడు తన అన్న మాట జవదాటలేదు, అంతే. తనని దొంగ అని తిట్టిన అన్న మాట కూడా జవదాటలేదు.

ఆ శుక్రవారం చిన్నమ్మ ఇంటి ముందే చాప పరిచారు. నాయిన వచ్చాడు. చిన్నాయిన గ్రంథం నా చేతికిచ్చి, ఏ భాగమో చెప్పాడు. నేను చదివాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. అందరూ ఎదురుచూశారు, ఇప్పుడు ఎవరినో అడుగుతాడని. అడగలేదు.

"నేను ఇదివరకు చెప్పిన అర్థం తప్పు," అన్నాడు. "పోవాల్సినోడు ఎవడంటే, ఈ వాక్యం విన్నోడు. తప్పు ఎవనిదైన గానీ. విన్నంక కూసోవద్దు." కొంచెం ఆగి, "మేమిద్దరం విన్నం," అన్నాడు.

తర్వాతి నెల బల్ల ఆదివారం పాట మొదలైంది. నాయిన లేవలేదు. తన వరస వచ్చినప్పుడు కర్ర పట్టుకుని ముందుకు నడిచి, బల్ల ముందున్న అడ్డకమ్మీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పక్కన ఒక మనిషికి సరిపడా జాగా వదిలి కూర్చున్నాడు. వెనక నుంచి వచ్చిన ఎవరో అక్కడ మోకరించబోతే చిన్నమ్మ చేయి అడ్డం పెట్టి ఆపింది. అయ్యగారు నాయిన చేతుల్లో రొట్టె ముక్క పెట్టి, ఆ ఖాళీ ముందు కాసేపు ఆగి, తర్వాతి మనిషి దగ్గరికి వెళ్ళారు.